మంగ్లూ పూసుకున్న మట్టి

పక్కింట్లో ఆవనూనెలో పసుపు కలుపుతున్న వాసన వస్తే రాయపూర్ కుస్తీ గోదా గుర్తొచ్చింది. అక్కడి మట్టికి అదే వాసన.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఒక నాగపంచమి నాడు, రైల్వేలో ఫైర్‌మన్ అయిన మా నాన్నకూ ఊరి పహిల్వాన్ మంగ్లూకూ కుస్తీ. అంతకుముందు రెండేళ్లూ మంగ్లూయే గెలిచాడు. ఆ రోజు అతని ఒళ్లంతా చెమట. నాన్న చేతులు మాటిమాటికీ జారిపోతున్నాయి. ఉన్నట్టుండి మంగ్లూ చెయ్యెత్తి ఆట ఆపి, గుప్పెళ్లతో మట్టి తీసి తన మెడకూ భుజాలకూ పూసుకున్నాడు. అదేదో పట్టు తప్పించుకునే మాయ అనుకుని, "తొండి! తొండి!" అని అరిచాను.

మరుక్షణమే నాన్న అతన్ని చిత్తు చేశాడు. మంగ్లూ లేచి నన్నెత్తుకుని, "నోనీ, తోర్ బాబు జీత్ గే!" అని, పిల్లా మీ నాన్న గెలిచాడంటూ తన భాషలో చెప్పి, ఆ గెలుపు తనదైనట్టు మురిసిపోయాడు. నేను విదిలించుకుని దిగి, గౌనుకంటిన మట్టిని కసిగా దులిపేసుకున్నాను.

దారిలో, "తొండి చేసినా ఓడిపోయేడు కదా నాన్నా!" అన్నాను.

"తప్పమ్మా. చెమటకి నా సేతులు జారిపోతన్నాయని ఆడే మట్టి రాసుకున్నాడు. నేపోతే నాకు పట్టెక్కడ దొరుకుతాది?"

నేను గౌను చూసుకున్నాను. ఒక్క రేణువు కూడా మిగల్చలేదు. నాన్న అరచేతులకు మాత్రం ఇంకా కాస్త మట్టి ఉంది. వాటిని లాక్కుని నా గౌనుకు రుద్దుకున్నాను.