నా బీపీకి మా మేనేజర్ చెప్పిన కారణం

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలో పనిచేసేదాన్ని. బంద్ పడితే ఆ వారం శనివారం ఆఫీసుకు రావాల్సిందే. "బంద్ మీది, శనివారం మాదండీ," అని నవ్వేవాడు మా మేనేజర్. ఆయనది కోస్తా, మాది వరంగల్ వైపు. వచ్చినవాళ్ళను మంచి చేసుకోవడానికి బిర్యానీ, డబుల్ కా మీఠా, కూల్‌డ్రింకులు తెప్పించేవాడు. కుర్చీలోంచి లేవకుండా తినేవాళ్ళం.

అలాంటి ఒక శనివారం ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టారు. నాకు బీపీ ఎక్కువని తేలింది. "ఉద్యమం కోపమండీ అదంతా, ఒంట్లో మరుగుతోంది," అన్నాడు మేనేజర్ అందరి ముందూ. అందరూ నవ్వారు. ఆ తర్వాత నాకు రావాల్సిన టీమ్ లీడ్ పని ఇంకొకరికి ఇచ్చాడు. నా గురించి పైవాళ్ళతో, "ఆవిడ టెన్షన్ తట్టుకోలేదండీ," అన్నాడట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీడి పొగరు అణచకపోతే నేను మా అమ్మ కూతుర్నే కాదనుకున్నాను.

మియాపూర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నా మెడ వెనక నల్లటి చార చూసి, పరగడుపున రక్తపరీక్ష చేయించింది.

"షుగర్ మంచిగనే ఉంది బిడ్డా. కానీ నీ ఒళ్ళు ఇన్సులిన్ మాట వింటలేదు, మెడ మీది చార దాని గుర్తే. వినకపోయేసరికి ఇన్సులిన్ ఇంకింత తయారైతది. అది ఎక్కువైతే కిడ్నీలు ఉప్పును బయటికి పోనియ్యవు, రక్తనాళాలు బిగుసుకుంటయ్. గట్ల బీపీ ఎక్కుతది. కోపమొక్కటే అని ఎవరన్నరు?"

ఎవరన్నారో నాకు తెలుసు. మాత్రలు వేసుకున్నాను, మీఠా మానేశాను, సాయంత్రాలు మదీనాగూడ దాకా నడిచాను. ఆఫీసులో మేనేజర్ మెడ మీద, కాలర్ పైన, అచ్చం నాకున్నలాంటి చారే కనబడింది. చెప్పొచ్చు. చెప్పలేదు. శనివారం ఆయన రెండోసారి మీఠా వడ్డించుకుంటుంటే గిన్నె దగ్గరికి జరిపాను కూడా.

మరుసటి ఏడాది క్యాంపులో నా బీపీ అదుపులో ఉంది. "మీరూ కూర్చోండి సార్," అని నేనే కుర్చీ లాగాను. నర్సు బీపీ పట్టీ ఒకసారి కట్టింది, విప్పి మళ్ళీ కట్టింది. క్యాంపు డాక్టర్ ఇవాళే దవాఖానకు పొమ్మన్నాడు.

"సార్, మీరు ఏ ఉద్యమంల ఉన్నరు?" అన్నాను.

గది గొల్లుమంది. ఆయన మొహం మాడిపోయింది. కాసేపటికి నా సీటు దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా అడిగాడు.

"మిమ్మల్ని చూసిన డాక్టరు ఎక్కడండీ?"

లేచి నిలబడి, ఫ్లోరంతా వినబడేలా చెప్పాను.