ప్రెసిడెంటు గారి కుర్చీ

నా చిన్నప్పుడు బడికి సెలవులిస్తే చాలు, గుణదలలో మా పిన్ని ఇంట్లో వాలిపోయేదాన్ని. పంచాయతీల్లో గెలిచిన ఆడవాళ్ల మీద ఐదేళ్లు పరిశోధన చేసి పిన్ని డాక్టరేట్ తెచ్చుకుంది. పట్టా చేతికొచ్చిన వారమే, నన్ను వెంటబెట్టుకుని హనుమాన్ జంక్షన్ అవతలున్న ఓ ఊరికి బయల్దేరింది. ఎవరి గురించి రాసిందో వాళ్లకే ముందు చెప్పాలని ఆమె పట్టుదల. నా ధ్యాసంతా ఆమె ఫోన్లో గేమ్ మీద.

పంచాయతీ ఆఫీసులో పాతికమంది ఆడవాళ్లు కూర్చున్నారు. పిన్ని కాగితాలు తీసి ప్రాతినిధ్యం, అధికార సంబంధాలు అంటూ చదవసాగింది. పది నిమిషాలకే ఆవలింతలు మొదలయ్యాయి. ముందున్న పెద్దామె, "అమ్మాయ్, మా గురించే రాశానంటివి. ఇందులో మేమెక్కడున్నామే?" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. పిన్ని ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండిపోయి, "వినడం రాకపోతే ఇళ్లకి పొండి!" అని అరిచేశాను.

"నోర్ముయ్. వాళ్లకి అర్థం కాలేదంటే తప్పు నాది," అంది పిన్ని. ఐదేళ్ల కష్టాన్ని మడిచి నా ఒళ్లో పడేసింది. ఇక్కడ గ్రామసభ జరిగితే ఎవరెక్కడుంటారో అలా ఉండి చూపించమని వాళ్లని అడిగింది.

మగవాళ్లవని ముందు వరసలు ఖాళీగా వదిలేశారు. ఆడవాళ్లంతా వెనక చాప మీదికి చేరారు. ఆ ఊరి ప్రెసిడెంటుగా గెలిచినావిడ మాత్రం వెళ్లి గుమ్మం పక్కన నిలబడింది.

"మీరక్కడేంటండీ?" అంది పిన్ని.

"నేను టీలు అందిస్తానమ్మా. కుర్చీలో మా ఆయన కూర్చుంటారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "నేను రాసిందంతా ఇదేనండీ," అంది పిన్ని మెల్లగా.

పెద్దామె చాప మీంచే కసిరింది. "ఓట్లు నీకేశాం కదే! పో, కూర్చో."

ఆవిడ కొంగు సర్దుకుని, కుర్చీ అంచున కూర్చుంది. సరిగ్గా అప్పుడే వాళ్లాయన లోపలికొచ్చి, తన కుర్చీ వైపు చూసి ఆగిపోయాడు. ఆవిడ లేవబోయింది. లేవలేదు. వెనక్కి జారి సర్దుకుని, "ఏవండీ, చాప మీద చోటుంది, కూర్చోండి," అంది.

ఆయన కూర్చున్నాడు!

ఇప్పుడు నేనూ రాజనీతి శాస్త్రమే చదువుతున్నాను. చదివినదాన్ని చిన్న వీడియోలుగా చేసి పెడుతుంటాను. 'ఏం చెప్పావో అర్థం కాలా' అని ఎవరైనా కామెంట్ పెడితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఘాటుగా సగం జవాబు టైప్ చేసేస్తాను కూడా. అంతలో నా ఒళ్లో పడ్డ ఆ కాగితాల బరువు గుర్తొస్తుంది. టైప్ చేసింది చెరిపేసి, వీడియో మళ్లీ తీస్తాను.