సుబ్బరత్నం కొలతల పుస్తకం

ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివినవాణ్ణి, ఆ ఒక్క కాగితం రెండో వైపు ఎందుకు తిప్పలేదు? జవాబు ఇంకా దొరకలేదు.

సుబ్బరత్నం భవానీపురంలో మా వీధి చివర జాకెట్లూ లంగాలూ కుడుతుంది. ముప్పై ఏళ్లుగా మెళ్లో టేపు. నోరు దురుసు. బిగుతైందని దెబ్బలాటకొస్తే, "కొలిచినప్పుడు ఊపిరి బిగబట్టింది నువ్వు, నా టేపు కాదు" అనేది.

ఆమె పుస్తకంలో మనిషికో పేజీ. మా ఆవిడ రమాసుందరి పేజీలో పదేళ్ల కొలతలున్నాయి. కిందటి వేసవిలో సుబ్బరత్నం ఆ పేజీ తెరిచి పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది.

"మాస్టారూ, అమ్మగారి చేతులు సన్నబడతన్నయ్యి, నడుం చూస్తే నాలుగంగుళాలు పెరిగింది. నా షుగరూ ఇట్టాగే బయటపడింది. రక్తం చూపించండి."

బరువు అరవయ్యే కదా అని నవ్వాను. అయినా రమ ల్యాబుకెళ్లింది. పరగడుపున రమ్మంటే కాఫీ తాగి వెళ్లింది. మా ఇళ్లలో కాఫీ తిండి కింద లెక్క కాదు. రిపోర్టు మొదటి వైపు షుగరు నూట అరవై.

"కాఫీ తాగావుగా, అందుకే" అన్నాను. రమ సంతోషంగా నమ్మింది. ఆ కాగితాన్ని చదువుతున్న పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్నాను.

ఏడు నెలలకి రమకి గుండెపోటు. బతికింది గానీ, వంటింట్లోంచి వాకిట్లోకి నడిస్తే ఆయాసం.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి సుబ్బరత్నం వదులు జాకెట్లు కుట్టి తెచ్చింది. లోపల రమ నిద్రపోతోంది.

"ఆ రిపోర్టేదండీ?"

పుస్తకంలోంచి తీసిచ్చాను. వెనక్కి తిప్పి వేలు పెట్టింది. మూడు నెలల సగటు షుగరు, ఎనిమిదిన్నర శాతం. ఆరున్నర దాటితే జబ్బేనని పక్కనే అచ్చేసి ఉంది.

"ఆ పొద్దుటి కాఫీకి మూడు నెలల షుగరు మారుద్దా మాస్టారూ?"

"నేనటు చూళ్లేదు."

"చూళ్లేదా! ఎనిమిదో క్లాసు తప్పినదాన్ని, నాకు కనపళ్లా? గోడనిండా ఆ పుస్తకాలు దేనికి, చెదలకా? అదే మీ నడుమైతే ఆరోజే పరిగెత్తేవోరు!"

ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆమె మీద కాదని అప్పుడే తెలుసు. అయినా, "నీ పని కుట్టడం. అదేదో చూసుకో" అన్నాను.

సుబ్బరత్నం కొలతల పుస్తకం తెరిచి రమ పేజీ చర్రున చింపింది. రిపోర్టుతో కలిపి నా ఒళ్లో పడేసింది.

"ఇదైనా చదవండి."

పదేళ్ల అంకెలు. చేతులు తగ్గుతూ, నడుం పెరుగుతూ.

గేటు దగ్గర ఎప్పుడూ "వెళ్లొస్తా మాస్టారూ" అనేది. నేను తలెత్తేసరికి చెప్పులేసుకుని, గేటైనా వెయ్యకుండా, వీధి సగం దాటిపోయింది.