ఇస్సాకు బేస్ గిటార్‌కు గొంతు ఎలా వచ్చింది

ఇస్సాకు ఇంట్లో పాములను ఉడికించాడని జహీరాబాద్‌లో చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదు. ప్రార్థన నూనెను కడిగేసి దేవుణ్ణి అవమానించాడని చర్చి సంఘంలో కొందరు అన్నారు. జరిగిన పనిని వారు సరిగానే చెప్పారు, ఉద్దేశాన్ని తప్పుగా చెప్పారు. బీదర్‌వాళ్లు పనికిరాని గిటార్‌ను అంటగట్టారని మైకుసెట్టు మల్లప్ప బస్టాండు దగ్గర ప్రకటించాడు. దీనికి సాక్ష్యం లేకపోగా, విరుద్ధంగా ఇద్దరు సాక్షులున్నారు. కనుక జరిగినది జరిగినట్టుగా చెప్పుకోవడం మంచిది.

ఇస్సాకు బస్సు డిపోలో మెకానిక్. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవాడు. ఒకసారి బీదర్‌లో ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ విన్నాడు. పాటకు అడుగున నేల వేసినట్టున్న ఆ మోత అతణ్ణి వదలలేదు. సంఘానికి అలాంటిదొకటి కావాలని పట్టుబట్టాడు. సంఘ కార్యదర్శి మాణిక్‌కు మొదటి నుంచీ అనుమానమే.

"మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటయ్. దీనికి నాలుగే. రెండు తక్కువున్నది మనకెందుకయ్యా?"

"తీగలు తక్కువే గని లావున్నయ్ సార్."

ఆ జవాబు సంఘ కమిటీకి ఎందుకో నచ్చింది. 1983లో ఆ ఆర్కెస్ట్రా మూతపడితే, దాని యజమాని రేవణసిద్ధప్ప తన పాత బేస్ గిటార్‌ను అమ్మకానికి పెట్టాడు. ఇస్సాకు, మాణిక్ ఇద్దరూ వెళ్లి విన్నారు. వసారాలో వాయిస్తే అటకమీది ఇత్తడి గిన్నెలు కూడా వణికాయని మాణిక్ స్వయంగా ఒప్పుకున్నాడు. సంఘం దాన్ని కొన్నది.

ఇక్కడి క్రైస్తవ కుటుంబాలలో కొత్త వస్తువు ఏది వచ్చినా ప్రతిష్ఠ చేయించనిదే వాడరు. సైకిలైనా, కుట్టుమిషనైనా పాస్టర్‌గారు నూనె రాసి ప్రార్థన చేయవలసిందే. మా పాస్టర్ అమర్నాథ్ అయ్యగారిది ధారాళమైన చేయి. సైకిల్‌కు హ్యాండిల్ మీద బొట్టంత రాస్తే సరిపోయేది. కానీ గిటార్‌లో ప్రధానమైనది తీగలేనని ఆయన న్యాయంగానే గ్రహించి, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని నాలుగు తీగలనూ ఆ కొస నుంచి ఈ కొసదాకా తడిపారు.

ఆ ఉదయం గిటార్ కొంత మందంగా పలికింది. అయ్యగారు జాలిపడి మరుసటి ఆదివారం మళ్లీ ప్రార్థించి, మళ్లీ రాశారు. మోత ఇంకా తగ్గింది. తగ్గినకొద్దీ ప్రార్థన పెరిగింది, ప్రార్థన పెరిగినకొద్దీ నూనె పెరిగింది. కొన్ని వారాలకు అది తడిసిన గోనెసంచిని కర్రతో కొట్టినట్టు మోగసాగింది.

"ఇస్సాకూ, వాయిస్తున్నవా, పరుపు దులుపుతున్నవా?" అన్నాడు మాణిక్. ఆ తరువాత నవ్వకుండా కమిటీ నిర్ణయం చెప్పాడు. క్రిస్మస్ నాటికి ఇది పలకకపోతే అమ్మేస్తారు, ఇస్సాకు డోలక్ దగ్గరికి తిరిగిపోవాలి.

ఇస్సాకు గిటార్‌ను మల్లప్ప దుకాణానికి మోసుకెళ్లాడు. బండి మొరాయిస్తే ఒక్కసారికి ఒక్క భాగమే మార్చి చూడాలన్నది డిపోలో పద్ధతి. ముందు వైరు మార్చాడు. మార్పు లేదు. చర్చి యాంప్లిఫయర్‌కు బదులు మల్లప్పదానికి తగిలించాడు. అదే మూలుగు. తీగల కింద శబ్దాన్ని పట్టే బిళ్లను స్క్రూలు తిప్పి పైకి లేపాడు. మోత పెద్దదయింది కానీ మందం పోలేదు.

"ఇగ ఇంతకుముందు మెల్లగ మూలిగేది, ఇప్పుడు గట్టిగ మూలుగుతున్నది," అన్నాడు మల్లప్ప. "బీదరోళ్లు టోపీ పెట్టిన్రు నీకు."

"నేను చెవులార విన్న గదనే, మాణిక్ సార్ గూడ విన్నడు."

"అయితే దానికి కన్నడమే వస్తదేమో. తెలుగు పాటకు నోరు తెరుస్తలేదు."

ఇంటికి వస్తే భార్య సుగుణమ్మ అతని ఆదివారపు చొక్కా పట్టుకుని నిలబడి ఉంది.

"చర్చికి పోతున్నవా, మిర్చిబజ్జీల కొట్టుకు పోతున్నవా? చొక్కా అంత నూనె మరకలే. చేతి ఏళ్లు గూడ జిడ్డే."

ఇస్సాకు తన వేళ్లను చూసుకున్నాడు, ఆపైన తీగలను చూశాడు. గోటితో గీకితే తీగ చుట్ల మధ్య నుంచి నల్లటి జిడ్డు ఊడివచ్చింది. వైరు మారింది, యాంప్లిఫయర్ మారింది. బీదర్ నుంచి వచ్చాక గిటార్‌కు అదనంగా చేరింది నూనె ఒక్కటే.

"అయ్యగారి నూనెనే దీని గొంతు పిసికింది," అన్నాడు మెల్లగా.

"గట్ల బయట అన్నవంటె నీ గొంతు పిసుకుతరు," అంది సుగుణమ్మ. జిడ్డు గుడ్డలను సోడా వేసి ఉడకబెట్టే అలవాటు ఆమెది. తీగలు విప్పించి, చుట్టలు చుట్టి, సోడా నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టింది.

పిడికెడు ఉప్పు కోసం వచ్చిన పక్కింటి బీరమ్మ మూత ఎత్తి చూసింది. నల్లటి నురగలో చుట్టలు కదిలాయి. ఆమె ఉప్పు మాట మరిచి, వచ్చిన దారినే పరుగెత్తింది. పాముల కథ అక్కడ పుట్టింది.

తీగలను కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి బిగించాక గిటార్ ఘుమ్మన్నది. అయితే సమస్య సగమే తీరింది. క్రిస్మస్ ఉదయం సంఘమంతా చూస్తుండగా అయ్యగారు నూనె సీసాతో మళ్లీ వచ్చారు. వద్దంటే ఆ పెద్దమనిషికి తలవంపు, ఊరుకుంటే గిటార్ గతి అంతే.

ఇస్సాకు గిటార్‌ను వీపు వెనక్కి తిప్పుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అయ్యగారూ, గిటార్‌కు ఏ పాపం తెల్వదు. తప్పులన్ని వాయించెటోనియి. జర నా నెత్తికి రాయున్రి."

అయ్యగారి కళ్లు చెమర్చాయి. సీసాలో ఉన్నదంతా వంచేశారు. నూనె చెవుల మీదుగా కారుతుండగానే ఇస్సాకు చేతులు తుడుచుకుని వాయించాడు. కిటికీ తలుపులు అదిరాయి. మాణిక్ రెండు పాటలదాకా ఓర్చుకుని, మూడో పాటకు కాలితో తాళం వేశాడు. అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

అయ్యగారు మాత్రం ఆ మహిమను చుట్టుపక్కల ఊళ్లలో సాక్ష్యంగా చెప్పారు. మొగుడంపల్లి నుంచి ఒకతను పలకని హార్మోనియంతో వచ్చి, తల మీద నూనె పోయించుకుని, పలకని హార్మోనియంతోనే తిరిగి వెళ్లాడు. ఇస్సాకు అతణ్ణి చర్చి మలుపు దగ్గర ఆపి, దాని గాలితిత్తి చిరుగుకు తోలు అతికించి పంపాడు.

ఉన్న సాక్ష్యాన్నిబట్టి చెప్పగలిగింది ఇది. ఇస్సాకు భార్యతో కలిసి నాలుగు తీగలను సోడా నీళ్లలో శుభ్రం చేశాడు. అసలు కారణాన్ని అయ్యగారికి చెప్పకుండా దాచాడు. అబద్ధం మాత్రం ఆడలేదు.