నేపాల్లో పలకని ఫోను

మా అప్పకు, అంటే మా అక్కకు, పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోలేదు గాని ముద్దయిపోయింది. గరివిడిలో కొడుకూ కోడలూ బాగానే చూసేవారు, ఆమె మాట మాత్రం వాళ్ళకు అర్థమయ్యేది కాదు. నాకు అయ్యేది. అందులో నా గొప్పేమీ లేదు. మా అప్ప చిన్నప్పటినుంచీ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, కలుపు తీస్తూ రోజంతా మాట్లాడేది. పక్క చాలులో నేను. ఏళ్ళ తరబడి విన్నది ఆ నోటినే. పక్షవాతం వచ్చిన నోరు నాకు కొత్త కాలేదు.

అందుకని రోజూ సాయంత్రం కోడలు పాతపట్నంలో ఉన్న నాకు ఫోను చేసి, అప్ప నోటి దగ్గర పెట్టేది. అప్ప అన్నది విని నేను కోడలికి చెప్పేదాన్ని.

"తలగడ దించమంతన్నాదే. సారులో ఉప్పు నేదట. నీ మొగుణ్ణి గెడ్డం గీసుకోమంతన్నాది."

"మంచంమీదున్నా పెత్తనం పోనేదు సూడు!" అని కోడలు నవ్వేది. వెనక అప్ప నవ్వు కూడా వినిపించేది.

మా వీధి ఆడవాళ్ళు బస్సు మాట్లాడుకుని కాశీ వెళ్తుంటే నేనూ బయల్దేరాను. అప్పని అడిగే బయల్దేరాను. "ఎల్లు. ఫోను మాత్రం ఎత్తు" అంది.

రీఛార్జి కొట్టులో అడిగాను. "బాబూ, కాశీ, గయ ఎల్తన్నాను. ఫోను పనిసేస్తాదా?"

"దేశంలో ఏ మూలకెల్లినా పనిసేస్తాది మామ్మా."

యాత్ర కాగితంలో నేపాల్ అని కూడా ఉంది. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఒక్కో ఊరి పేరూ కూడబలుక్కుని చదివాను. చదివి కూడా ఆ పేరు కొట్టతనికి చెప్పలేదు. వంట గిన్నెలు పైన కట్టుకుని బస్సులో పోయే చోటు వేరే దేశమెలా అవుతుంది? పాతపట్నంవాళ్ళకి సరిహద్దంటే ఒడిశాలోని పర్లాకిమిడి బజారుకెళ్ళే దారి. ఒకప్పుడు ఆ బజారులో ఫోను ఎత్తినా డబ్బులు కోసేవారు. తర్వాత అదీ పోయింది. ఇక ఫోన్లకు సరిహద్దులు లేవనుకున్నాను. బుద్ధి తక్కువ.

కాశీలో, గయలో రోజూ ఫోను వచ్చింది. నేపాల్ గేటు దాటిన సాయంత్రం రాలేదు. తీసి చూస్తే 'సేవ లేదు' అని ఉంది. టూరు మేనేజరు మా వైపువాడే. వెళ్ళి అడిగాను.

"ఒరే, నా ఫోను పలకదేటి?"

"ఇది వేరే దేశం పిన్నీ. మన సిమ్ము పనిసెయ్యాలంటే ముందే రోమింగు ఏయించుకోవాల."

"ఇప్పుడా సెప్పడం?"

"దేవుడి దగ్గరకొచ్చినావు, ఇంకెవులితో పని నీకు?"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు.

మర్నాడు లాడ్జివాణ్ణి బతిమాలితే తన ఫోనులోంచి కలిపాడు. మోగింది. అవతల కోసేశారు. మళ్ళీ కలిపాడు. మళ్ళీ కోసేశారు. మూడోసారి మోగనే లేదు. నాలుగు రోజులు గుళ్ళ చుట్టూ తిరిగాను. ఏ దేవుణ్ణి చూశానో అడగకండి.

గేటు దాటి ఇటు రాగానే ఫోను చేశాను. కోడలు ఎత్తింది.

"ఏటైపోనావు సిన్నత్తా? ఎప్పుడు సేసినా తగల్దు!"

"లాడ్జివాడి ఫోన్లోంచి సేసినాను కదే. కోసేసినావేటి?"

"అది నువ్వా? విదేశం నంబరు సూసి దొంగోళ్ళనుకున్నాను. ఎత్తితే బేంకులో డబ్బులు పోతాయని అందరూ సెప్తన్నారు కదా. ఆ నంబరు బ్లాకు కూడా సేసినాను."

ఆమెనేమనను?

"మీ అప్ప మూడు రోజులు ఒకటే మాట అన్నాది. నీలిచ్చినాను, కాదని తలూపింది. పక్క తిప్పినాను, కాదంది. డాక్టర్ని పిలిసినాం, ఏటీ నేదన్నాడు. నిన్నటికి మాటాపేసింది."

"ఎలాగన్నాదో ఓసారి అనవే."

కోడలు అనబోయింది. రాలేదు. ఏడ్చింది.

"అప్ప నోటికాడ పెట్టు" అన్నాను. పెట్టింది. నేనే మాట్లాడాను, అరిచాను, తిట్టాను. అటునుంచి ఏమీ లేదు.

ఇంటికి పోకుండా గరివిడిలో దిగిపోయాను. అప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. నొప్పా? కొడుకుని పిలవమన్నావా? నన్నా? చుట్ట కావాలా? నా కళ్ళలోకి చూసింది. కోపం లేదు, అదే నా బాధ. తిడితే అర్థమయ్యేది. తర్వాత కళ్ళు మూసుకుంది.

డాక్టరు మళ్ళీ చూసి, కొత్తగా వాతమేమీ రాలేదని, నోరు ఎప్పటిలాగే ఉందని అన్నాడు. అంటే ఆమె మాట్లాడగలదు. మాట్లాడదు.

నెలకోసారి వెళ్తున్నాను. అడగడం మానేశాను. కోడలు పాపం గంటగంటకీ గ్లాసు పెదాలకు అందిస్తుంది. అప్ప తాగుతుంది. దాహమేసి తాగుతుందో, పెట్టారని తాగుతుందో నాకు తెలియదు.