మానేరు డ్యాంలో రజిత బూమ్ జారకుండా నిలిచిన రోజు

ఈ ప్రయాణం ఒక గొడవతో మొదలైంది. మందమర్రిలో మేం రోజూ కూర్చునే చాయ్ హోటల్లో ఆ పొద్దున నేనొక కరపత్రం చదివి వినిపిస్తున్నాను. ఆటలన్నీ పైసలున్నవాళ్ల క్లబ్బుల్లో బందీ అయిపోయాయనీ, బొగ్గుబాయిలో దిగేవాడి బిడ్డకు ఈత కొట్టడానికి కూడా జాగా లేదనీ అందులో రాసి ఉంది. అక్షరం అక్షరం నిజం. అంతటితో ఆగితే బాగుండేది. నేను ఊపులో ఇంకా ముందుకు పోయి, తెరచాప కట్టిన పలక మీద నిలబడి గాలితో పోయే ఆట ఒకటుంది, విండ్‌సర్ఫింగ్ అంటారు, దాన్ని మన దిక్కు వాళ్లు టీవీలో చూడాల్సిందే తప్ప ముట్టుకోలేరని బల్ల గుద్ది చెప్పాను. నా దోస్తు శ్రీను చాయ్ ఊదుకుంటూ, "మా చిన్నాయిన బిడ్డ రజిత కరీంనగర్ డ్యాంల గదే ఆడుతది. జర తెల్సుకోని గుద్దు బల్లను, పాపం అది ఏం జేసింది నీకు," అన్నాడు. హోటలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే నంబర్ తీసుకుని అక్కడే ఫోన్ చేశాను. అవతల నుంచి ఒక నిమ్మళమైన గొంతు, "ఆదివారం రా అన్నా. నాకు ఇంకో రెండు చేతులు గావాలె," అంది.

మా దిక్కు నుంచి వెళ్లేవాళ్ల కోసం దారి చెబుతాను. మందమర్రి నుంచి మంచిర్యాలకు షేర్ ఆటోలు తెల్లవారినప్పటి నుంచే దొరుకుతాయి. మంచిర్యాల బస్టాండ్లో కరీంనగర్ బస్సుకు ఎక్కువసేపు కాయాల్సిన పనిలేదు. గోదావరి దాటి, గోదావరిఖని, పెద్దపల్లి మీదుగా రెండు, రెండున్నర గంటలు పడుతుంది. టికెట్ రెండొందల లోపే. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోకండి, పొద్దున ఎండంతా ముఖం మీదే. ఆషాఢం కదా, వాన లేదు గానీ గాలి మాత్రం బస్సును కూడా పక్కకు నెట్టేటట్టు ఉంది. పత్తి చేలల్లో ఆడవాళ్ల కొంగులు ఒకటే దిక్కుకు ఎగురుతున్నాయి. ఆ దిక్కు చూసి, గాలి పడమటి నుంచి వస్తోందని నాకు నేనే లెక్క కట్టుకున్నాను. పెద్ద నావికుడినైపోయినట్టు అనిపించింది.

కరీంనగర్ బస్టాండ్ బయట నా కోసం ఎదురుచూస్తున్న ఆటోను వెతకాల్సిన పని పడలేదు. దాని నెత్తి మీద మనిషికి రెండింతలకు మించిన నల్లటి గొట్టం ఒకటి కట్టి ఉంది, ముందు వెనక పొడుచుకొచ్చిన కొసలకు ఎర్ర గుడ్డ పీలికలతో. అదే మాస్ట్, తెరచాపను నిలబెట్టే నిలువు కొయ్య. ఆటో నడిపే ఖాజా భాయ్ రజిత వాళ్ల వాడకట్టు మనిషే. "మందమర్రి అన్నవు నువ్వేనా? ఎక్కు భాయ్. జర తల వంచుకోని కూసో, లోపట గూడ సగం సామానే," అన్నాడు. నిజంగానే నా ఒళ్లో తెరచాప మూట పెట్టాడు. చౌరస్తాలో జనం తొంగి చూస్తుంటే, "మిసైల్, మిసైల్. తప్పుకోండ్రి," అని అరుస్తూ పోయాడు.

నవ్వుతూనే అసలు సంగతి ఆయనే చెప్పాడు. రజిత హాస్టల్లో చదివేటప్పుడు హైదరాబాద్‌లో ఒక శిబిరానికి తీసుకుపోతే ఈ ఆట నేర్చుకుంది. ఎవరో వాడి పక్కన పడేసిన సామాను తక్కువకు దొరికితే తెచ్చుకుంది. ఇక్కడి డ్యాంలో సాధన చేస్తూ ఎంపిక పోటీలకు పోవాలని ఆమె పట్టుదల. కానీ రెండుసార్లు నడి నీళ్లలో బూమ్, అంటే చాపకు అడ్డంగా కట్టే గొట్టం, కిందికి జారింది. చాప కూలి, పలక కొట్టుకుపోయి చేపల వలల్లో చిక్కుకుంది. ఒక వల తెగింది కూడా. రెండుసార్లూ చేపలు పట్టేవాళ్లే పడవేసుకుని పోయి లాక్కొచ్చారు. తాడుదే తప్పనుకుని రజిత కొత్త తాడు కూడా కొనుక్కుంది. "ఇయ్యాల ఆఖరి చాన్స్ అన్నడు వాళ్ల పెద్దమనిషి లస్మన్న. ఇంకోపారి పడవ తీసే పని పెడితే, మల్ల గీ నీళ్లల్ల దిగొద్దన్నడు. ఇక్కడ గాకుంటే ఇంకేడికి పోతది చెప్పు ఆ పిల్ల? రోజు హైదరాబాద్ పోయొస్తదా?"

పావుగంటలో డ్యాం కట్ట దగ్గరికి చేరాం. కట్ట దిగి పక్కకు పోతే ఇసుక ఒడ్డు ఉంది, అక్కడే రజిత, వాళ్ల బాపు అంజయ్య పలకను దించి కూర్చున్నారు. అంజయ్య సిరిసిల్ల నుంచి వచ్చి కరీంనగర్ అంచున ఒక షెడ్డులో పవర్‌లూమ్ నడుపుతాడు. రజిత సన్నగా, ఎండకు నల్లబడి, నారింజ రంగు లైఫ్ జాకెట్‌లో ఉంది. నన్ను చూసి, "చెప్పులు ఇడువు అన్నా. గీ కొస పట్టు," అంది. పలకరింపు అంతే. నాకు అది చాలా నచ్చింది.

ఈ ఆట చూడనివాళ్లకు రెండు ముక్కలు. మాస్ట్‌కు చాప తొడుగుతారు. దానికి అడ్డంగా, గుడ్డు ఆకారంలో, చాపకు రెండువైపులా వంగిన గొట్టం కడతారు. అదే బూమ్. మనిషి పట్టుకుని వేలాడేది దాన్నే. గాలి లాగుతుంటే ఒళ్లంతా దాని మీదే ఆపాలి కాబట్టి, అది మాస్ట్ మీద ఇంచు కూడా జారకూడదు. కొత్తరకం వాటికి బిగించే పట్టీ ఉంటుందట. రజితది పాత సామాను, తాడుతో కట్టేది. ఆమె కట్టే పద్ధతి చూసి నోరు తెరిచాను. బూమ్‌ను మొదట అడ్డంగా కాక మాస్ట్ వెంబడే పడుకోబెట్టింది. భుజం ఎత్తున చాపకు ఉన్న సందులో దాని ముక్కును ఆనించి, తాడు మూడు చుట్లు చుట్టి, మోకాలు అదిమి ముడివేసింది. అప్పుడు బూమ్ తోకను పట్టుకుని అడ్డంగా తిప్పింది. తిప్పుతుంటే తాడు కిర్రుమంటూ బిగుసుకుంది. "అలకగ తిరిగిందంటే వదులున్నట్టు. ఏడుపు రావాలె తిప్పేటోనికి," అంది.

మాస్ట్ నిలబెట్టి రెండు చేతులతో బూమ్‌ను కిందికి అదిమింది. బెత్తెడు జారింది. విప్పి మళ్లీ కట్టింది. మళ్లీ జారింది. మూడోసారి నేనూ ఖాజా కలిసి తిప్పాం, నరాలు తేలాయి. అయినా జారింది.

అప్పుడే ఖాజా చెప్పిన లస్మన్న, అంటే లస్మయ్య వచ్చాడు. చేపలు పట్టేవాళ్లకు పెద్దమనిషి. తడి లుంగీ, భుజం మీద తెడ్డు. కాసేపు చూసి, "కట్టెనే నిలుస్తలేదు, మనిషేం నిలుస్తది? ఇయ్యాల ఒద్దు బిడ్డా, ఇంటికి పోండ్రి," అన్నాడు. నేను ఊరుకోగలనా! నీళ్లు ఎవరి జాగీరూ కాదనీ, ప్రజలవనీ, ఒక కష్టజీవి బిడ్డను దిగొద్దనే హక్కు ఎవరికీ లేదనీ, జేబులోని కరపత్రం తీసి ఊపుతూ గొంతు చించుకున్నాను. లస్మయ్య తెడ్డు దించి ఇసుకలో గుచ్చాడు. "ప్రజలంటే ఎవలు కొడుకా? కోడి కూయకముందు గీ నీళ్లల్ల దిగెటోన్ని నేను. నన్ను కలుపలేదా మీ కాయితంల?" అన్నాడు. ఆయనే మళ్లీ, "నాకు గా పిల్ల మీద కోపం లేదు. ఏమన్న అయితే నడి నీళ్లల్లకు ఉరికేది మేమే గద," అన్నాడు. రజిత తల ఎత్తకుండానే, "అన్నా, నువ్వు మాస్ట్ పట్టు. నోరు తర్వాత పెడుదువు," అంది. పట్టుకున్నాను.

ఆమె ఈసారి తాడు విప్పి కట్టలేదు. విప్పి వేళ్ల మధ్య రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత మాస్ట్ మీద అరచేయి ఆనించి కిందికి లాగి, ఆ చేతినీ వాసన చూసింది. ముఖం మారిపోయింది. "బాపూ, గిది మన సాంచాల నూనె గదా?" అంది.

సాంచాలంటే పవర్‌లూమ్‌లు. అంజయ్య చాలా మామూలుగా, "ఔ బిడ్డా. నువ్వు పోయే ముందురోజు రాత్రి రాస్త ఎప్పుడు. ఇయ్యాల ముఖ్యమైన దినమని రెండుపార్లు రాసిన," అన్నాడు.

"ఎందుకే?"

"ఎందుకేంది? రాడ్డు అన్నంక నూనె వెట్టకుంటే పట్టేస్తది గద. నూనె వెట్టకుండ సాంచె మీద చెయ్యేస్తమా మనం?"

నాలో ఏదో పేలడానికి సిద్ధంగా ఉంది. రెండుసార్లు నడి నీళ్లలో కూలిపోయిన పిల్ల, తాడును అనుమానించి కొత్త తాడు కొనుక్కున్న పిల్ల, తన ముడి మీద తనకే నమ్మకం పోయిన పిల్ల! కానీ రజిత ఇసుకలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "మెరుస్తుంటే తుడిచినవు అనుకున్న బాపూ. మస్తు మెరుస్తుండె," అంది. అంజయ్యకు అప్పుడు అర్థమైంది. చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "నేనే ముంచిన్నా నిన్ను?" అన్నాడు. "ముంచలే. లే, నీళ్లు వట్టుకరా," అని ఆమె లేచింది.

ఆ తర్వాత అరగంట నేను చూసిన పనితనం నా జన్మలో మరిచిపోను. కట్ట మీద చేపలు వేయించి అమ్మే ఆమె దగ్గర అంట్ల సబ్బు తెచ్చాం. ఇసుకతో తోమితే మాస్ట్ గీసుకుపోతుందని రజిత మెత్తటి గుడ్డతోనే రుద్దింది, కడిగింది, మళ్లీ రుద్దింది. ఖాజా భాయ్ భుజం మీది తువ్వాలతో పొడిగా తుడిచింది. నూనె తాగిన తాడును పక్కన పడేసి సంచి అడుగున ఉన్న ఇంకో తాడు తీసింది. ఖాజా ఆటోలోంచి పాత ట్యూబు తెస్తే, దాన్నుంచి ఒక పట్టీ కోసి, బూమ్ కూర్చునే చోట మాస్ట్‌కు ముడతలు లేకుండా చుట్టింది. రబ్బరు మీద తాడు కరుచుకుంటుందట. మళ్లీ అదే వరస: పడుకోబెట్టడం, మూడు చుట్లు, మోకాలు, ముడి. తోక తిప్పడానికి ఈసారి ముగ్గురం పట్టాం.

"ఇగ వేలాడు బాపూ," అంది.

"నా బరువుకు ఇరుగుతదే."

"నీదేం బరువు? గాలి నీకంటె బరువు. వేలాడు."

నేను మాస్ట్‌ను, ఖాజా బూమ్ తోకను పట్టుకుంటే, అంజయ్య దేవుడికి దండం పెట్టినట్టు రెండు చేతులూ ఎత్తి బూమ్ పట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని గాల్లో వేలాడాడు. అందరం తాడు వైపే చూస్తున్నాం. జారలేదు. "ఊగు," అంది రజిత. ఊగాడు. జారలేదు. లస్మయ్య నవ్వు దాచుకోవడానికి నీళ్ల వైపు తిరిగి, "సరె. ఒక్కపారి పోయిరా. గా తెల్ల బెండ్ల దాక, అంతే. నా పడవ తీపియ్యకు," అన్నాడు. ఆ బెండ్లు వలల గుర్తులు, దూరాన వరసగా తేలుతున్నాయి.

ఆమె పలకనెక్కి, తాడుతో చాపను నీళ్లలోంచి లేపి, బూమ్ అందుకుంది. చాప నిండింది. అంతే, వెనక్కి వాలి, వీపు నీళ్లకు ఆనుతుందేమో అన్నంతగా వాలి, చప్పుడు లేకుండా దూసుకుపోయింది. అంత పెద్ద మానేరు మీద ఒక ఎర్రటి చాప. కట్ట మీద సెల్ఫీలు తీసుకునేవాళ్లు ఫోన్లు దించేశారు. బెండ్ల దగ్గర మలుపు తిరిగేటప్పుడు పెద్ద గాలి కొట్టింది. చాప ఒక్కసారిగా నీళ్ల మీద పడింది.

లస్మయ్య తెడ్డు అందుకుని పడవలోకి ఒక కాలు పెట్టాడు. అంజయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, జర ఆగే. నీ కాళ్లు మొక్కుత, జర ఆగు."

లస్మయ్య ఆగాడు. ఒక కాలు పడవలో, ఒక కాలు ఇసుకలో. దూరాన నారింజ రంగు చుక్క పలక మీదికి పాకింది. లేచింది. చాప నెమ్మదిగా, నీళ్లు కారుస్తూ పైకొచ్చింది. బూమ్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఆమె మళ్లీ వాలింది, మా వైపు.

రజిత ఆయాసపడుతూ ఒడ్డుకు చేరింది. లస్మయ్య తడి బూమ్‌ను తన రెండు చేతులతో గట్టిగా అదిమి చూశాడు. తర్వాత నీళ్లలో పడవ మీదున్న తన తమ్ముడికి చెయ్యూపి, "ఓరే! గా బెండ్లు జర అవుతలికి జరుపుండ్రి. పిల్లకు తొవ్వ గావాలె," అని కేకేశాడు. మేం చూస్తుండగానే ఆ తెల్లటి వరస కదలడం మొదలైంది.

తిరుగు బస్సులో నా కోపం ఎటూ పోలేదు, ఎందుకు పోవాలి? ఇలాంటి పిల్లకు ఒక మంచి మాస్ట్, తోడు ఒక పడవ సమకూర్చలేని లోకం మీద నాకు ఇప్పటికీ మండుతోంది, రాస్తాను, అరుస్తాను. కానీ ఆ మధ్యాహ్నం నాకు ఎక్కువగా గుర్తుండేది, నూనె వాసన పట్టిన తర్వాత ఆమె నవ్విన నవ్వు. తప్పు ఎవరిదో తేలిన క్షణంలో ఆ మనిషి మీద అరవకుండా, అతని చేతికే పని అప్పజెప్పడం నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు. సాయంత్రం అంజయ్య బూమ్ విప్పుతూ, ట్యూబు పట్టీని జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకుంటుంటే, ఈ ఆట ఇక ఇద్దరిదీ అనిపించింది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఆషాఢ శ్రావణాల్లో మధ్యాహ్నం దాటాక గాలి బాగుంటుంది. లైఫ్ జాకెట్ లేకుండా దిగకండి. అయితే పలక నీళ్లలో పెట్టకముందే వలలవాళ్లను కలిసి, ఆ రోజు బెండ్లు ఎటున్నాయో అడగండి. అవి రోజూ ఒకే చోట ఉండవు, ఏ మ్యాపూ మీకు చెప్పదు. అడిగినవాళ్లకు వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.