ఆత్మకూరు స్టాండులో రెబెకమ్మ బండి

ఉదయగిరి దుర్గం కనబడే ఆ పల్లెలో వరప్రసాదం తాతంత నిదానంగా బండి నడిపేవాడు ఇంకొకడు లేడు. ఆయన ఎక్సెల్ మీద పోతుంటే ఊరకుక్కలు కూడా లేచి తరమవు, తరిమినా సరదా ఉండదని. వెనక కూర్చున్న రెబెకమ్మ అవ్వ మాత్రం విమానం ఎక్కినదానిలా ఆయన చొక్కా పిడికిట్లో పట్టుకుని, "మెల్లగా పోవయ్యా, పిల్లలుగలోళ్లం" అనేది. బండి ఆమెదే. పొదుపు గ్రూపులో అప్పు తీసుకుని కొన్నది కాబట్టి కాగితాలన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. తాత ఉత్త డ్రైవరు. ఆ సంగతి ఆయన మరిచిపోకుండా ఆమె జాగ్రత్త పడేది.

మొన్న చలికాలంలో అవ్వకు ఆయాసం ఎక్కువైంది. ఇద్దరూ బండి మీద ఆత్మకూరు పోయి, బస్టాండు దగ్గర ప్రైవేటు స్టాండులో దాన్ని పెట్టి, నెల్లూరు బస్సెక్కారు. "సాయంత్రానికి వచ్చేస్తాం నాయనా, ఎండలో పెట్టబాకు" అని స్టాండులో చెప్పింది కూడా అవ్వే. ఆ సాయంత్రం రాలేదు. ఆ వారమంతా రాలేదు. చివరికి నెల్లూరు ఆసుపత్రి నుంచి ఆమెను అంబులెన్సులో తెచ్చారు. తాత పక్కనే కూర్చుని, కుదుపులకు ఆమె తల కదలకుండా పట్టుకుని వచ్చాడు. అంబులెన్సు ఆ స్టాండు ముందునుంచే పోయింది. ఆయన తల తిప్పి చూడలేదు.

ఊరి చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టినప్పుడు, భార్య గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పమని పాస్టరు తాతను లేపాడు. తాత లేచి గొంతు సవరించుకుని, బర్రె ఈనిందనీ, దూడ బాగుందనీ, పాలు మాత్రం కొంచెం తక్కువనీ చెప్పి కూర్చున్నాడు. కొందరు ఏడ్చారు, కొందరు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నారు. రెబెకమ్మ చనిపోయిందన్న మాట మాత్రం ఆ రోజూ ఆయన నోట రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

అలాంటి ఇంటికి ఉత్తరాలు మొదలయ్యాయి. ఆత్మకూరు స్టాండు ఇప్పుడు పాతకాలపు సైకిల్ స్టాండు కాదు. బండి నెంబరును కెమెరా చదువుతుంది. బండి తీయకపోతే రోజువారీ బాడుగ మీద జరిమానా పడుతుంది. అది కట్టకపోతే, వసూలు చేసే పని చెన్నైలో ఏదో ఏజెన్సీకి అప్పగిస్తారు. ఆ ఏజెన్సీ వాళ్లు బండి కాగితాల్లో ఉన్న పేరుకే రాశారు. ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాన్ నారాయణయ్య వాకిట్లో సైకిలాపి, "రెబెకమ్మా! రిజిస్టరు పోస్టు!" అని కేకేశాడు.

తాత గబగబా లేచి వచ్చాడు. "ఇంట్లో లేదు. నా చేతికియ్యి."

ఇంటర్ సగంలో మానేసిన మనవరాలు కరుణశ్రీ ఆ ఇంగ్లీషును కూడబలుక్కుని చదివింది. "తాతా, బాకీ కట్టకపోతే అవ్వ మీద కేసేస్తారంట."

"ఏసుకోమను. మీ అవ్వ కోర్టుకు పోతే జడ్జీనే కూర్చోబెట్టి బుద్ధి చెప్తాది."

కరుణశ్రీ నవ్వింది. తాత ఉత్తరాన్ని మడిచి బైబిలు కింద పెట్టాడు.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. అవతల ఎవరో అమ్మాయి మర్యాదగా అడిగేది. "రెబెకమ్మ గారున్నారా సార్?"

"లేదమ్మా, చర్చికి పోయింది."

ఇంకోసారి చేస్తే, కలువాయిలో చెల్లెలి ఇంటికి పోయింది. మళ్లీ చేస్తే, పొదుపు మీటింగులో ఉండాది. తాతకు అబద్ధాలు ఇంత బాగా వస్తాయని ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫోను పెట్టగానే కరుణశ్రీ మంచం మీద పడి దొర్లేది. "ఒకసారి ఢిల్లీకి పోయిందని చెప్పు తాతా!"

"ఏం, పోలేదనుకున్నావా? మీ అవ్వను ఎవురాపతారే?"

ఒకనాడు ఆ అమ్మాయికి విసుగొచ్చినట్టుంది. "ఎప్పుడు చేసినా ఆమె ఉండరేంటి సార్? ఇప్పుడేం చేస్తున్నారు?"

"తలకు పోసుకుంటా ఉండాది," అన్నాడు తాత, పెరటి వైపు చూస్తూ.

కరుణశ్రీ ఆ రోజు నవ్వలేదు. తాత కళ్లు పోయిన చోటికే ఆమె కళ్లూ పోయాయి. అక్కడ తలుపు లేని స్నానాల గది, బోర్లించిన బకెట్టు తప్ప ఏమీ లేవు.

ఎండలు ముదిరాక మూడో ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా బాకీ కట్టి బండి తీసుకోకపోతే వేలం వేస్తామని దాంట్లో ఉంది.

"అవ్వ చనిపోయిందని కాగితం చూపిస్తే జరిమానా అంతా కొట్టేస్తారంట తాతా. అదీ దీంట్లోనే రాసినారు. పంచాయతీలో సర్టిఫికెట్టు ఇప్పించుకుందాం పా."

"కడతాలేవే."

"ఎందుకంట ఊరికే కట్టేది? దూడను అమ్మి కడతావా?"

"అమ్ముతా. నీకేంది?"

దూడను అమ్మేశాడు. తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆత్మకూరు బయలుదేరాడు. తానూ వస్తానని కరుణశ్రీ చెప్పులు వేసుకుంది.

"నువ్వెందుకే?"

"తోడుకు. పోయేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు నీ వెనక కూర్చుంటా."

"వచ్చేటప్పుడు బండి మీద చోటుండదు," అనేసి తాత చకచకా రోడ్డు మీదికి నడిచాడు. కరుణశ్రీ వేసుకున్న చెప్పులు విప్పి గడపలోనే కూర్చుండిపోయింది.

స్టాండులో అద్దాల గదిలో ప్రశాంత్ అనే కుర్రవాడు కంప్యూటరు ముందున్నాడు. తాత డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. దుమ్ము కొట్టుకుని బండి ఓ మూల నీడలోనే ఉంది.

"ఓనరు రావాల తాతా. ఆమె ఒప్పుకుంటేనే బయటికి ఇయ్యాల," అన్నాడు ప్రశాంత్.

"నేను ఆమె మొగుడ్నే గదా."

"మొగుడివైతే ఏంది, దొంగ మొగుళ్లు ఎంతమంది రాలేదు?" వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. కానీ ప్రశాంత్ మంచివాడే. పెద్దాయన ముఖం చూసి మెత్తబడ్డాడు. "సరేలే, ఇంతదూరం వచ్చినావు. ఆమెకు ఫోన్ చెయ్. ఇచ్చెయ్ నాయనా అని ఒక్క మాట అంటే ఇచ్చేస్తా. ఇంకేం అడగను."

తాత జేబులోంచి ఫోను తీశాడు. దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్ తాతా. ఒక్క మాట చాలు."

"మాట్లాడదు."

"ఏం, అలిగిందా?"

మళ్లీ నవ్వారు. ఇంట్లో చెప్పే అబద్ధాలన్నిట్లో పనికొచ్చేదాని కోసం తాత వెతుక్కున్నాడు. చర్చి, చెల్లెలి ఇల్లు, మీటింగు. ఎక్కడున్నా ఆమె ఒక్క మాట మాట్లాడగలదు, ఫోనుకు ఆ మాత్రం అందగలదు. అందని చోటు ఒక్కటే ఉంది.

"చనిపోయింది నాయనా," అన్నాడు.

ప్రశాంత్ లేచి నిలబడ్డాడు. "ముందే చెప్పుంటే ఇంత కట్టే పనే లేదు గదా తాతా," అంటూ జరిమానా డబ్బు తీసి ఆయన చేతిలో పెట్టాడు. కాగితాలు తర్వాత ఎవరిచేతైనా పంపమన్నాడు. రూపాయి చిల్లర కూడా రెండుసార్లు చూసుకునే మనిషి, ఆ నోట్లను చూడకుండానే జేబులో కుక్కుకున్నాడు.

బండిలో పెట్రోలు చుక్క లేదు. బంకు దాకా తోసుకుంటూ పోయాడు.

"ఎంతకు కొట్టమంటావు పెద్దాయనా?"

"మా ఆమె చనిపోయింది," అన్నాడు తాత.

బంకు మనిషి పైపు పట్టుకుని బిత్తరపోయాడు. ఎంతకని మళ్లీ అడక్కుండా రెండు లీటర్లు కొట్టాడు.

ఇన్ని నెలలు బిగబట్టిన మాట, ఒకసారి బయటికొచ్చాక ఇక ఆగలేదు. మర్రిపాడు టీకొట్టులో చెప్పాడు. అక్కడ టైరు విప్పుతున్న లారీ క్లీనరుకు చెప్పాడు. అతను తమిళంలో ఏదో అడిగాడు. తాత మళ్లీ తెలుగులోనే చెప్పాడు. సీటు మీద ఎప్పటిలాగే ముందుకు జరిగి, వెనక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నాడు. చొక్కా వీపు గాలికి బుడగలా ఉబ్బి కొట్టుకుంటోంది. ఆయన చొక్కా అలా ఎగరడం ఆ దారిలో అదే మొదటిసారి.

ఉదయగిరి రోడ్డు ఎక్కాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. తాత బండి ఆపాడు. గొర్రెలు దాటిపోయినా కదల్లేదు. కాపరి వెనక్కి వచ్చాడు.

"ఏందన్నా, బండి మొరాయించిందా?"

"మా ఆమె చనిపోయింది."

కాపరి తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. "అయ్యో... ఎప్పుడన్నా?"

తాత చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"ఇయ్యాలే," అన్నాడు. "ఆత్మకూర్లో."